బీపీకి ఏ ఉప్పు, ఏ ఖనిజం: ఉద్దానం ఉన్న జిల్లాలో ముందు చూడాల్సింది క్రియాటినిన్

బీపీ ఉందని తెలియగానే ఇంట్లో మొదట మారేది ఉప్పు ప్యాకెట్టే. శ్రీకాకుళం, పలాస, సోంపేట కిరాణా కొట్లలో 'సోడియం తక్కువ' అని రాసి అమ్మే ఉప్పు అడిగి మరీ కొంటున్నారు. ఆ ప్యాకెట్ వెనక సన్నటి అక్షరాల్లో పొటాషియం క్లోరైడ్ అని ఉంటుంది. కిడ్నీలు బాగున్న మనిషికి దానివల్ల బీపీ నిజంగానే తగ్గుతుంది. కిడ్నీలు దెబ్బతిన్న మనిషికి అదే గుండె లయ తప్పేంత ప్రమాదం తెస్తుంది. ఉద్దానం అని పిలిచే కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్ళలోకి వచ్చిందో మన జిల్లా వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. అందుకే బయట అందరికీ ఇచ్చే సలహాని ఇక్కడ ఉన్నదున్నట్టు పాటించకూడదు. కిడ్నీ ఎలా వడకడుతోందో చెప్పే క్రియాటినిన్ అనే రక్త పరీక్ష ముందు, ఉప్పు మార్చడం తర్వాత. ఖనిజాల గురించి ఇక్కడ చెప్పేదంతా ఆ వరుసలోనే చదవండి.

ఒంట్లో సోడియం ఎక్కువగా కణాల బయట, పొటాషియం కణాల లోపల ఉంటాయి. కణం గోడలో ఉండే పంపు మూడు సోడియం అయాన్లని బయటికి తోసి, రెండు పొటాషియం అయాన్లని లోపలికి తెచ్చుకుంటుంది. రక్తనాళాల గోడల్లోని కండరం వదులుగా ఉండాలంటే ఈ పని సరిగ్గా జరగాలి. సోడియం పెరిగితే దాని వెంట నీరు నిలుస్తుంది, రక్తం పరిమాణం పెరుగుతుంది, బీపీ పైకి పోతుంది. ఇంతవరకు చాలామందికి తెలుసు. తెలియాల్సింది ఇంకొకటి ఉంది. తిండిలో పొటాషియం తగ్గితే కిడ్నీ సోడియాన్ని వదలదు. కిడ్నీ గొట్టాల చివరి భాగంలో ఉప్పుని మళ్ళీ రక్తంలోకి లాగే ద్వారం ఒకటి ఉంది. రక్తంలో పొటాషియం కాస్త తగ్గితే చాలు, ఆ ద్వారం తెరుచుకుని, అప్పటికే ఉప్పు ఎక్కువ తిని ఉన్నా సరే, ఇంకా లోపలికే లాగుతుంది. పొటాషియం చాలినంత అందితే మూసుకుంటుంది, ఉప్పు మూత్రంలో పోతుంది. హైడ్రోక్లోరోథయజైడ్, క్లోర్‌థాలిడోన్ అనే నీటి మాత్రలు బీపీ తగ్గించేది కూడా ఆ ద్వారాన్ని మూసే.

కాబట్టి ఉప్పు ఎంత అన్నది సగం లెక్క, పొటాషియం ఎంత అన్నది మిగతా సగం. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకి చెప్పేది రోజుకి ఉప్పు 5 గ్రాముల లోపు, పొటాషియం కనీసం 3.5 గ్రాములు. పాలిష్ బియ్యం 100 గ్రాముల్లో పొటాషియం 100 మి.గ్రా. మాత్రమే. రెండు పూటలా తెల్లన్నం, ఒక పచ్చడి, ఒక పలచటి చారుతో గడిపే ఇంట్లో ఈ రెండు అంకెలూ తలకిందులుగా ఉంటాయి.

ఇంట్లో ఉప్పు లెక్క

మీ ఇంట్లో ఎంత ఉప్పు తింటున్నారో తెలుసుకోవడానికి ల్యాబ్ అక్కర్లేదు. కేజీ ప్యాకెట్ విప్పిన రోజు దాని మీద తేదీ రాయండి. అయిపోయిన రోజు మళ్ళీ రాయండి. నలుగురున్న ఇంట్లో కేజీ 25 రోజుల్లో అయిపోతే మనిషికి రోజుకి 10 గ్రాములు పడినట్టు. 5 గ్రాముల లెక్కన అదే ప్యాకెట్ 50 రోజులు రావాలి. చేపలు కడగడానికి, అన్నంలో వేసి గంజితో పారబోయడానికి వాడింది ఉంటే కాస్త తీసెయ్యండి. ఆవకాయలో, ఎండుచేపల్లో, బయట తిన్న బజ్జీల్లో ఉన్నది మాత్రం దీని మీద అదనం.

ఆవకాయ లెక్క దగ్గరగా చూద్దాం. కేజీ ముక్కలకి పావుకేజీ ఉప్పు, పావుకేజీ కారం, పావుకేజీ ఆవపిండి, అరకేజీ నూనె అనుకుంటే మొత్తం రెండుంబావు కేజీలు అవుతుంది. అందులో ఉప్పు వందకి 11 పాళ్ళు. ఒక ముక్క, దానితోపాటు వచ్చే పిండి కలిపి 20 గ్రాములు వేసుకుంటే ఒక్క ముద్దలోనే 2 గ్రాములకి పైగా ఉప్పు వెళ్ళింది. రోజు మొత్తానికి ఇచ్చినదాంట్లో దాదాపు సగం అది. మాగాయ, ఊరమిరపకాయలు, అప్పడాలు, వడియాలు ఇదే దారిలో ఉంటాయి. బీపీ ఉన్నవాళ్ళు ఊరగాయ మానేయాలని మేం అనం, మన అన్నానికి అది ప్రాణం. వారానికి రెండుసార్లకి తగ్గించి, ఆ పూట కూరలో, చారులో ఉప్పు బాగా తగ్గిస్తే సరిపోతుంది.

ఎండుచేపల్లో తేడా ఉంది. ఉప్పు పట్టించి ఎండబెట్టిన పెద్ద చేప ముక్కలు వేరు, ఉప్పు వెయ్యకుండా ఇసుక మీద ఎండబెట్టిన నెత్తళ్ళు వేరు. భావనపాడు, కళింగపట్నం వైపు బేరగాళ్ళని అడిగితే ఏది ఏదో చెబుతారు. ఉప్పు చేపైతే వేడినీళ్ళలో అరగంట నానబెట్టి ఆ నీళ్ళు పారబోసి, ఇంకోసారి కడిగి వండండి, కూరలో మళ్ళీ ఉప్పు వెయ్యకండి.

సైంధవ లవణం, గులాబీ రంగు ఉప్పు బీపీకి మంచివని చాలా ఇళ్ళలో మార్చేస్తున్నారు. వాటిలో 97, 98 పాళ్ళు సోడియం క్లోరైడే. మిగిలిన ఖనిజాలు రంగు రావడానికి చాలతాయి గానీ ఒంటికి లెక్కలోకి రావు. పైగా అయోడిన్ ఉండదు. నౌపడ ఉప్పు మళ్ళ నుంచి నేరుగా వచ్చే కల్లుప్పు విషయమూ అంతే, అయోడిన్ కలపకుండా అమ్మేది వంటకి వాడకూడదు. అయోడిన్ తక్కువై థైరాయిడ్ మందగిస్తే బీపీలో కింద అంకె పెరుగుతుంది. బీపీ తగ్గాలని చేసిన మార్పే దాన్ని పెంచినట్టవుతుంది. ఉప్పు తగ్గించండి, తినే ఆ కాస్తా మాత్రం అయోడిన్ ఉన్నదే తినండి. డబ్బా మూత గట్టిగా పెట్టి పొయ్యికి దూరంగా ఉంచండి, వేడికీ తేమకీ అయోడిన్ పోతుంది.

ఒక్కసారిగా సగానికి తగ్గిస్తే ఇంట్లో ఎవరూ తినరు, నాలుగో రోజుకి పాత పద్ధతే వస్తుంది. రెండు వారాలకొకసారి పావు వంతు తగ్గించండి. నాలిక నెల, నెలన్నరలో అలవాటు పడుతుంది. ఉప్పుని ఉడికేటప్పుడు కాకుండా దించే ముందు వేస్తే తక్కువతోనే రుచి తెలుస్తుంది. చింతపండు పులుపు, నిమ్మరసం, ఆవ పెట్టడం, వెల్లుల్లి వేసిన పోపు ఉప్పు లోటుని బాగా కప్పుతాయి. అన్నం వండేటప్పుడు, మజ్జిగలో, పండ్ల మీద వేసే ఉప్పు పూర్తిగా మానేయొచ్చు. వంటసోడాలోనూ, కడుపు మంటకి నీళ్ళలో కలుపుకుని తాగే పొంగే పొడిలోనూ సోడియమే ఉంటుంది, దాన్ని ఎవరూ ఉప్పు కింద లెక్కెయ్యరు. రోజుకి నాలుగు గ్రాముల పైచిలుకు ఉప్పు తగ్గిస్తే బీపీ ఉన్నవాళ్ళలో పై అంకె సగటున 5 తగ్గుతుందని పరీక్షల్లో తేలింది. ఒక చిన్న మాత్ర చేసే పనికి అది దగ్గరే.

ఒక జాగ్రత్త. ఎండలో జీడితోటల్లో, పొలాల్లో, ఇటుక బట్టీల్లో పనిచేసి చెమట కారుస్తున్న మనిషి ఉప్పు పూర్తిగా మానేయకూడదు. అరవై దాటి, నీటి మాత్ర వేసుకుంటూ, ఉప్పు దాదాపు మానేసి, మంచిదని బిందెడు నీళ్ళు తాగేవాళ్ళకి రక్తంలో సోడియం బాగా పడిపోతుంది. నీరసం, వాంతి వచ్చినట్టుండటం, తికమకగా మాట్లాడటం, నడకలో తూలడం కనిపిస్తాయి. ఇంట్లో వాళ్ళు దాన్ని వయసు అనో, పక్షవాతం అనో అనుకుంటారు. ఆ రోజే సోడియం పరీక్ష చేయించాలి.

పొటాషియం: ఎవరికి మందు, ఎవరికి విషం

చైనాలో 600 గ్రామాల్లో దాదాపు 21 వేల మందితో సుమారు 5 ఏళ్ళు నడిచిన పరీక్ష ఫలితం 2021లో వచ్చింది. సగం గ్రామాల వాళ్ళకి మామూలు ఉప్పు, మిగతా సగానికి 75 పాళ్ళు సోడియం క్లోరైడ్, 25 పాళ్ళు పొటాషియం క్లోరైడ్ కలిపిన ఉప్పు. రెండో రకం తిన్నవాళ్ళలో పక్షవాతం 14 శాతం తగ్గింది. ఇంత చవకైన మార్పుతో ఇంత ఫలితం రావడం చాలా పెద్ద విషయం, ఆ ఉప్పుని తీసిపారేయడానికి లేదు. అయితే ఆ పరీక్షలో తీవ్రమైన కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళని మొదటే పక్కన పెట్టారు. 2025 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇలాంటి ఉప్పు వాడమని చెప్పినప్పుడు కూడా గర్భిణులకి, పిల్లలకి, కిడ్నీ పనితీరు తగ్గినవాళ్ళకి ఈ మాట వర్తించదని స్పష్టంగా రాసింది. ప్రకటనలో మొదటి వాక్యమే మన చెవిన పడుతుంది, రెండోది పడదు.

లెక్క చూడండి. ఆ ఉప్పు 5 గ్రాములు తింటే పొటాషియం 650 మి.గ్రా. దాకా వస్తుంది. పది గ్రాములు తినే ఇంట్లో 1,300. మంచి కిడ్నీ దీన్ని కొన్ని గంటల్లో బయటికి పంపేస్తుంది. సగం పనిచేస్తున్న కిడ్నీ కిందామీదా పడుతుంది. ఆ మనిషి టెల్మిసార్టన్, లోసార్టన్, ఎనలాప్రిల్, రామిప్రిల్, స్పైరోనోలాక్టోన్ అనే బీపీ మాత్రల్లో ఏదో ఒకటి వేసుకుంటుంటే పొటాషియం బయటికి పోయే దారి ఇంకా ఇరుకవుతుంది. పైన రెండు కొబ్బరి బోండాలు తాగితే ఇంకో 1,000 మి.గ్రా. మోకాళ్ళ నొప్పికని డైక్లోఫెనాక్ వేసుకుంటే అదీ కిడ్నీకి రక్తం తగ్గించి పొటాషియాన్ని ఆపుతుంది, బీపీని కూడా పెంచుతుంది. ఇవి మూడు నాలుగు కలిసినప్పుడే మనిషి కూలిపోతాడు. విడివిడిగా చూస్తే ఏదీ తప్పులా కనిపించదు.

ఉద్దానం కిడ్నీ జబ్బుకి కారణం ఇదీ అని ఇంకా ఖాయం కాలేదు. నీటిలోని సిలికా, భారలోహాలు, పురుగుమందులు, ఎండలో పని, నొప్పి మాత్రలు అన్నీ అనుమానంలో ఉన్నాయి. మనకి కావలసింది దాని నడక. అది ఎక్కువగా కిడ్నీ గొట్టాల వైపు మొదలవుతుంది. మొదట్లో బీపీ మామూలుగానే ఉండొచ్చు, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ పెద్దగా పోదు, కాళ్ళ వాపు ఉండదు, షుగర్ ఉండదు. కాబట్టి 'నాకు వాపు నేదు బాబూ, ఒంటికి బాగానే ఉంది' అన్న మాటతోనూ, మూత్రంలో పట్టీ ముంచి చేసే పరీక్షతోనూ కిడ్నీలు బాగున్నాయని తేల్చకూడదు. రక్తంలో క్రియాటినిన్ చూడాలి.

క్రియాటినిన్ అంకెని కూడా ల్యాబ్ కాయితం మీది నార్మల్ గీతతో పోల్చి వదిలేయకండి. 60 ఏళ్ళ ఆడమనిషికి 1.2 వచ్చిందనుకోండి. చాలా ల్యాబులు దాన్ని నార్మల్ పక్కనే పెడతాయి. కిడ్నీ ఎంత వేగంగా రక్తాన్ని వడకడుతుందో చెప్పడానికి వయసు, ఆడా మగా కలిపి వేసే ఈజీఎఫ్ఆర్ లెక్కలో అది 52 దగ్గర వస్తుంది. మూడు నెలలకి పైగా 60 కన్నా తక్కువ ఉంటే కిడ్నీ జబ్బు ఉన్నట్టే. సన్నగా, కండ తక్కువగా ఉండే మన పల్లె ఆడవాళ్ళలో అసలు పరిస్థితి దీనికన్నా ఇంకాస్త తక్కువే ఉండొచ్చు. రిపోర్టులో ఈజీఎఫ్ఆర్ రాయకపోతే వయసు చెప్పి రాయించుకోండి.

దీనితోపాటు సోడియం, పొటాషియం కూడా ఒకే రక్తంతో చేయించండి. పొటాషియం 3.5 నుంచి 5 మధ్య ఉండాలి. ఇందులో ఒక చిక్కుంది. రక్తం తీసేటప్పుడు రబ్బరు పట్టీ చాలాసేపు బిగించి, పిడికిలి పదే పదే ముయ్యి తెరువు అని చెబితే, లేదా సూది సరిగ్గా పడక గుచ్చి గుచ్చి లాగితే, కండరం నుంచో చిట్లిన ఎర్రకణాల నుంచో పొటాషియం బయటికొస్తుంది. అంకె ఉత్తినే ఎక్కువ చూపిస్తుంది. పల్లెలో తీసిన రక్తాన్ని గంటల తరబడి తిప్పి ల్యాబుకి చేర్చినా అంతే. కిడ్నీలు బాగున్న మనిషికి 5.8 వస్తే మందులు మొదలుపెట్టే ముందు అదే రోజు మళ్ళీ తీయించాలి. కిడ్నీ జబ్బున్న మనిషికి వస్తే మాత్రం పొరపాటేమో అని ఇంట్లో కూర్చోకూడదు, ఈసీజీ తీసే చోటికి వెళ్ళి అక్కడే రెండో పరీక్ష చేయించాలి.

ఈజీఎఫ్ఆర్ 60 పైన, పొటాషియం మామూలుగా ఉండి, పైన చెప్పిన మాత్రలు లేనివాళ్ళు పొటాషియం పెంచుకోవచ్చు, పెంచుకోవాలి. అదీ తిండితో అయితే మేలు. చోడి (రాగి) పిండి 50 గ్రాములతో అంబలి 220 మి.గ్రా., ఉలవలు 50 గ్రాములు 500, తోటకూర పెద్ద కట్ట 800, ఒక అరటిపండు 350, రెండు కప్పుల పెరుగు 300, మిగతా అన్నం కూరల నుంచి 400, ఒక గ్లాసు బోండం నీళ్ళు 500. మొత్తం 3 గ్రాములు దాటింది. ఇందులో పట్నం నుంచి తెచ్చుకోవాల్సింది ఏదీ లేదు. ఉలవలు ఉడికించిన నీళ్ళు పారబోస్తే పొటాషియం వాటితోనే పోతుంది, వాటితోనే చారు పెట్టుకోవాలి. గంజి వార్చే ఇళ్ళలో గంజి తాగడమో, నీళ్ళు సరిపెట్టి అత్తెసరు పెట్టడమో మంచిది.

కిడ్నీ జబ్బుండి పొటాషియం ఎక్కువ ఉన్నవాళ్ళకి ఇదంతా తిరగేయాలి. గంజి వార్చి పారబోయాలి. కూరగాయలు, ఆకుకూరలు సన్నగా తరిగి, ఎక్కువ నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళు వంచేసి, అప్పుడు పోపు వేసుకోవాలి. దుంపలైతే తొక్క తీసి, చిన్న ముక్కలు కోసి, రెండుసార్లు నీళ్ళు మార్చి ఉడికించాలి. ఇలా చేస్తే పొటాషియం చాలావరకు నీళ్ళలోకి దిగిపోతుంది. ఉలవచారు, బోండం నీళ్ళు, చెరుకు రసం, సూపులు వద్దు. ఉద్దానంలో ఇంటి ముందు కొబ్బరిచెట్టు ఉన్నవాళ్ళకి వేసవిలో బోండం వద్దని చెప్పడం ఎంత కష్టమో తెలిసే చెబుతున్నాం. అయితే గొట్టాల జబ్బులో కొందరికి పొటాషియం మూత్రంలో కారిపోయి తక్కువే ఉంటుంది. వాళ్ళు పండ్లు మానేస్తే ఇంకా పడిపోతుంది, కాళ్ళు లాగేస్తాయి. కాబట్టి కిడ్నీ జబ్బు అన్న పేరు విని తిండి మానకండి, పొటాషియం అంకె చూసి మానండి.

మెగ్నీషియం, కాల్షియం

మెగ్నీషియం కణంలోకి కాల్షియం దూసుకుపోకుండా ఆపుతుంది. కాల్షియం లోపలికి వెళితే రక్తనాళం బిగుస్తుంది, ఆమ్లోడిపిన్ మాత్ర ఆపేదీ ఆ కాల్షియాన్నే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం మగవాళ్ళకి రోజుకి 440, ఆడవాళ్ళకి 370 మి.గ్రా. కావాలి. పాలిష్ బియ్యం 100 గ్రాముల్లో 20 మి.గ్రా. ఉంటే, చోళ్ళలో 145, మన వైపు గంటెలు అనే సజ్జల్లో 125, ఉలవల్లో 150, జీడిపప్పులో 290 దాకా ఉంటుంది. మర బియ్యం వచ్చి చోడి అంబలి, గంటి అన్నం పక్కకి పోయినప్పుడు ఇంట్లో ఎక్కువగా తగ్గిపోయిన ఖనిజం ఇదే. ఒక పూటైనా వాటిని తిరిగి తేవడం మాత్రల సీసా కన్నా మంచి పని. మాత్రలతో రోజుకి 370 మి.గ్రా. దగ్గర మూడు నెలలు ఇచ్చి చూసిన పరీక్షలన్నీ కలిపితే బీపీ పై అంకె సగటున 2 తగ్గింది. ఉన్న మందు మానేసి దీన్ని నమ్ముకునేంత కాదు.

మెగ్నీషియం పరీక్ష అవసరమయ్యేవాళ్ళు వేరు. నీటి మాత్రలు, ఏళ్ళ తరబడి గ్యాస్ కోసం వేసుకునే ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ మాత్రలు మెగ్నీషియాన్ని తగ్గిస్తాయి. మెగ్నీషియం తగ్గితే కిడ్నీ పొటాషియాన్ని పట్టి ఉంచలేదు. పొటాషియం సిరప్ ఎంత తాగించినా అంకె పెరగని మనిషికి మెగ్నీషియం చూడమని డాక్టరుని అడగండి, అది సరిచేశాకే ఇది నిలుస్తుంది. కిడ్నీ జబ్బున్నవాళ్ళు మాత్రం మెగ్నీషియం ఉన్న గ్యాస్ సిరప్‌లు, విరేచనం మందులు సొంతంగా తాగకూడదు, అది బయటికి పోక పేరుకుంటుంది.

కాల్షియం తక్కువైతే పారాథైరాయిడ్ హార్మోను పెరిగి రక్తనాళాల కండరంలోకి కాల్షియం ఎక్కువగా చేరుతుంది, నాళం బిగుస్తుంది. మామూలు బీపీ మీద కాల్షియం మాత్రల ప్రభావం చాలా స్వల్పం. గర్భిణుల విషయం వేరు. తిండిలో కాల్షియం తక్కువగా ఉన్నచోట కాల్షియం ఇస్తే గుర్రపువాతం (గర్భిణులకి వచ్చే ఫిట్స్) దాకా తీసుకెళ్ళే గర్భకాలపు బీపీ తగ్గుతుంది. అందుకే ప్రభుత్వ ఆసుపత్రుల్లో 14 వారాల నుంచి 500 మి.గ్రా. మాత్రలు రోజుకి రెండు ఇస్తారు. వాటిని ఐరన్ మాత్రతో కలిపి వేసుకుంటే ఐరన్ ఒంటబట్టదు, కనీసం రెండు గంటల తేడా ఉండాలి. ఆశా కార్యకర్త ఇచ్చిన రెండు అట్టలూ ఒకేసారి మింగేస్తున్న అమ్మాయిలకి ఇంట్లో అత్తగారో, తల్లో ఇది చెప్పాలి. ఐరన్ పగలు ఒక పూట, కాల్షియం భోజనంతో మిగతా పూటలు.

చాలా కొద్దిగా కావలసినవి

జింకు, రాగి, సెలీనియం చాలా కొద్దిగా కావాలి. వీటి పేరుతో బీపీకని అమ్మే సీసాలు కొనకండి అన్నది మా గట్టి మాట. పని లేదని కాదు. బీపీని పెంచే యాంజియోటెన్సిన్ హార్మోనుని తయారుచేసే ఎంజైము మధ్యలో జింకు ఉంటుంది. ఎనలాప్రిల్, రామిప్రిల్ మాత్రలు ఆ జింకుని పట్టుకుని ఎంజైముని ఆపుతాయి. అలాగని జింకు తగ్గించుకుంటే బీపీ తగ్గదు, ఎందుకంటే రక్తనాళాన్ని కాపాడే మరో ఎంజైముకీ జింకు, రాగి రెండూ కావాలి. రాగి లేకపోతే నాళం గోడకి సాగే గుణం ఇచ్చే పోగులు అల్లుకోవు. జింకు మాత్రలు నెలల తరబడి ఎక్కువ మోతాదులో వేసుకుంటే రాగి ఒంటబట్టక రక్తహీనత, కాళ్ళ తిమ్మిర్లు వస్తాయి. సెలీనియం తక్కువైనా, ఎక్కువైనా చెడే. పప్పులు, చేపలు, గుడ్డు, నువ్వులు తినే ఇంట్లో వీటికోసం వెతుక్కోనక్కర్లేదు. వెంట్రుకలు పంపితే ఖనిజాలన్నీ చెబుతాం అనే పరీక్షలకి డబ్బు పెట్టకండి, వాటితో బీపీ వైద్యం ఏదీ మారదు.

అసలు జాగ్రత్త పడాల్సినవి ఒంటికి అక్కర్లేని లోహాలు. సీసం కొద్ది మోతాదులోనే బీపీని పెంచుతుంది, కిడ్నీని దెబ్బతీస్తుంది, ఎముకలో చేరి దశాబ్దాలు ఉండిపోతుంది. పాత బ్యాటరీలు కరిగించే చోట్లు, పాత రంగులు గీకడం, నాగభస్మం కలిసిన మందులు దీనికి దారులు. నాగభస్మం అంటేనే సీసంతో చేసింది. బీపీకో కిడ్నీకో అని చీటీ లేని పొడి ఎవరిచ్చినా అందులో ఏమున్నాయో రాసివ్వమని అడగండి, రాయకపోతే వద్దనండి. పసుపు కొమ్ములకి రంగు కోసం లెడ్ క్రోమేట్ పూయడం ఉపఖండంలో రుజువైన కల్తీ. మెరిసిపోయే కొమ్ముల కన్నా ఏజెన్సీ సంతల్లో దొరికే, మెరుగు పెట్టని, మట్టి రంగు కొమ్ములు తెచ్చుకుని కడిగి ఎండబెట్టి పట్టించుకోండి.

సరుబుజ్జిలి, సారవకోట వైపు ఇళ్ళలో బుడితి ఊళ్ళో చేసే ఇత్తడి, కంచు సామాను ఇప్పటికీ వాడతారు. అందమైన పనితనం, పారేయాల్సిన పని లేదు. ఇత్తడిలో చింతపండు పులుసు, మజ్జిగ పులుసు కాయాలంటే మాత్రం కళాయి పూత ఉండాలి. పూత అరిగి పసుపు రంగు కనిపిస్తుంటే ఆ గిన్నె పులుపుకి వాడకండి. కళాయి వేయించేటప్పుడు స్వచ్ఛమైన తగరమే వేయమని అడగండి. చవకని సీసం కలిపిన తగరం వేస్తే పులుపు దాన్ని కూరలోకి లాగేస్తుంది. రాగి చెంబులో మంచినీళ్ళు ఫర్వాలేదు, నిమ్మరసం, మజ్జిగ పోయొద్దు.

కాడ్మియం పొగాకు ఆకులో చేరే లోహం. అది కిడ్నీలో చేరితే పది ఇరవై ఏళ్ళకి గానీ సగం తగ్గదు. మన తీరంలో పెద్ద వయసు ఆడవాళ్ళు నిప్పు లోపలికి పెట్టుకుని కాల్చే అడ్డపొగతో వచ్చే నోటి క్యాన్సర్ గురించి అందరికీ తెలుసు. చుట్ట తిప్పి కాల్చినా మామూలుగా కాల్చినా కాడ్మియం ఒంట్లోకి చేరుతుంది, నికోటిన్ కాల్చిన ప్రతిసారీ బీపీని ఎగదోస్తుంది. బీపీ మాత్ర ఎందుకు పనిచేయడం లేదని అడిగే ముందు మామ్మగారి చుట్ట సంగతి డాక్టరుకి చెప్పండి. దగ్గుకని రోజూ నమిలే అతిమధురం కూడా చెప్పాల్సిందే. అది పొటాషియాన్ని దించి బీపీని పెంచుతుంది.

మాత్ర మొదలుపెట్టాక

టెల్మిసార్టన్, ఎనలాప్రిల్ లాంటివి కొత్తగా మొదలుపెట్టినా, మోతాదు పెంచినా ఒకటి రెండు వారాల్లో క్రియాటినిన్, పొటాషియం మళ్ళీ చూడాలి. క్రియాటినిన్ 30 శాతం లోపు పెరిగితే సాధారణంగా మందు ఆపరు. 1.0 ఉన్నది 1.2 అయిందని భయపడి మీరే మానేయకండి, ఈ మాత్రలే చాలామందికి కిడ్నీని కాపాడతాయి. అంతకన్నా పెరిగినా, పొటాషియం 5.5 దాటినా డాక్టరుని కలవాలి. వాంతులు, విరేచనాలు పట్టుకుని నీళ్ళు నిలవని రోజుల్లో ఈ మాత్రలు, నీటి మాత్రలు కొనసాగించాలా అని ఫోన్ చేసైనా అడగండి, కిడ్నీ ఒక్కసారిగా దెబ్బతినేది ఎక్కువగా ఆ రోజుల్లోనే. పొటాషియం 6 దాటితే రేపటికి ఆగొద్దు. ఒంట్లో ఏమీ తెలియకపోయినా, కండరాలు నీరసించినా, గుండె దడగా ఉన్నా, ఆ పూటే ఈసీజీ, డయాలసిస్ రెండూ ఉన్న చోటికి వెళ్ళాలి. ఉద్దానం వాళ్ళకి 2023 డిసెంబరులో పలాసలో మొదలైన కిడ్నీ ఆసుపత్రి, మిగతావాళ్ళకి శ్రీకాకుళం, విజయనగరం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రులు దగ్గర. వెళ్ళేటప్పుడు పాత రిపోర్టులు, వేసుకుంటున్న మాత్రల అట్టలన్నీ, నొప్పి మాత్రలతో సహా, సంచిలో పెట్టుకెళ్ళండి.